పాత నోట్సుతో ఈ బుధవారం సూది వేయలేం

పదిహేనేళ్ల కిందట కోర్సు ముగించిన ఏఎన్ఎం ఎవరైనా తన నోట్సు ఒకసారి తిరగేసి చూడండి. డీపీటీ మూడు డోసులు, తట్టు సూది, గర్భిణికి టీటీ కనిపిస్తాయి. ఇప్పుడు ఆరు వారాల బిడ్డకు వేసేది పెంటావాలెంట్. తట్టు సూది పోయి ఎంఆర్ వచ్చింది, టీటీ పోయి టీడీ వచ్చింది. 2016లో రోటావైరస్ చుక్కలు మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తర్వాత పీసీవీ చేరింది. ఐపీవీకి 2023 నుంచి తొమ్మిదో నెలలో మూడో డోసు కలిసింది. అందుకే శిక్షణ ఉందని కబురొస్తే సంతకం పెట్టి భోజనం చేసి వచ్చేయకండి. మీ రిజిస్టర్‌లో మీకు తేలని రెండు కేసులు రాసుకుని వెళ్లండి. పవర్‌పాయింట్ చదివి వినిపించే క్లాసు అయినా సరే, ఆ రెండు ప్రశ్నలకు జవాబు రాబట్టుకుంటే రోజు వృథా కాదు.

ఎక్కువ మంది తడబడేది తెరిచిన వయల్ దగ్గర. పెంటా, టీడీ, పోలియో చుక్కలు, ఐపీవీ, పీసీవీ వయల్ తెరిస్తే 28 రోజుల దాకా వాడొచ్చు. గడువు తేదీ దాటకూడదు, చల్లదనం తప్పకూడదు, వీవీఎం లోపలి చతురస్రం చుట్టూ ఉన్న వలయం కన్నా లేత రంగులో ఉండాలి. తెరిచిన తేదీ, టైము లేబుల్ మీద రాయకపోతే ఈ లెక్కంతా గాలిలో కలిసినట్టే. బీసీజీ, ఎంఆర్ సంగతి వేరు. పొడిలో ద్రావకం కలిపాక నాలుగు గంటలు, లేదా సెషన్ ముగిసేవరకు, ఏది ముందైతే అంతవరకే. వాటిలో సూక్ష్మజీవులను ఆపే మందు ఉండదు. సాయంత్రం ఇంకో బిడ్డ వస్తుందేమో అని మిగిలిన ఎంఆర్ దాచిపెట్టడం పొదుపు కాదు, ప్రాణాంతకం. ‘ఒక్క బిడ్డ కోసం కొత్త వయలా?’ అని పై నుంచి ఎవరైనా విసుక్కున్నా తెరవండి. వ్యాక్సిన్ వృథాకు లెక్క చెప్పుకోవచ్చు, వెనక్కి పంపిన బిడ్డ మళ్లీ వస్తుందన్న హామీ లేదు.

వేడి గురించి అందరికీ భయమే, గడ్డకట్టడం గురించి తక్కువ. పెంటా, హెపటైటిస్-బి, టీడీ ఒకసారి గడ్డకడితే పనికిరావు, కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా సరే. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్‌ను నేరుగా క్యారియర్‌లో పెట్టకండి. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలే చప్పుడు వినిపించాలి, అప్పుడే సర్దాలి. పొద్దున్నే క్యారియర్లు బయల్దేరే హడావుడిలో ఈ కాసేపే ఎగిరిపోతుంది.

ఇక ఆలస్యమైన పిల్లలు. పదకొండో నెలలో వచ్చిన బిడ్డకు కార్డులో పెంటా ఒక్కటే డోసు ఉందనుకోండి. మళ్లీ మొదటి నుంచి వేయనక్కర్లేదు, ఆగిన చోటు నుంచి కనీసం నాలుగు వారాల ఎడంతో సాగించాలి. తొమ్మిది నెలలు దాటింది కాబట్టి ఎంఆర్ కూడా ఆ రోజే వేయండి. జలుబు, కాస్త జ్వరం, నాలుగు విరేచనాలు టీకా ఆపడానికి కారణాలు కావు.

నాయనమ్మ అడుగుతుంది: “పసిగుడ్డుకి ఒకేరోజు మూడు సూదులేంటమ్మా?” ‘షెడ్యూల్ అంతే’ అన్నది జవాబు కాదు. “ఈ వయసులోనే ఈ జబ్బులు ఎక్కువ ప్రమాదం పెద్దమ్మా. రెండు తొడలకీ, భుజానికీ వేరువేరు చోట్ల వేస్తాం, కలిపి వేసినా ఇబ్బంది లేదు” అంటే వింటుంది. తల్లికి నాలుగు మాటలు తప్పక చెప్పండి: ఏ టీకా వేశాం, దేనికి; ఏం ఇబ్బంది రావచ్చు, వస్తే ఏం చేయాలి; మళ్లీ ఎప్పుడు, ఎక్కడికి రావాలి; కార్డు జాగ్రత్త. చెప్పాక ఆమె చేతే తిరిగి చెప్పించండి.

సూది వేశాక అరగంట కూర్చోబెట్టేది రియాక్షన్ కోసమే. అనాఫిలాక్సిస్ వస్తే డాక్టరు అందేలోపు శిక్షణ పొందిన ఏఎన్ఎం ఒక డోసు అడ్రినలిన్ కండలోకి ఇవ్వొచ్చు. ఏ వయసుకు ఎంతో చూడకుండా చెప్పగలరా? లేకపోతే వచ్చే నెల మీటింగులో డాక్టరుగారిని అడిగి చేసి చూపించమనండి, కిట్‌లో ఆంప్యూల్ గడువు తేదీ మాత్రం ఈ బుధవారమే చూసుకోండి.