దుబాయి పోవువారికి చెప్పవలసిన నాలుగు మాటలు

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన పెద్దలు అనుకొనిన కాలమొకటి యుండెను. ఈనాడు జగిత్యాల, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతములలో సముద్రము దాటిన మనిషి లేని గ్రామము అరుదు. అట్లు పోవువారిలో పెక్కుమంది బయలుదేరుటకు ముందు సర్పంచి కడకో, వార్డు సభ్యుని కడకో వచ్చెదరు. ఒకరికి ధ్రువపత్రము కావలెను. ఒకరికి అప్పు పుట్టించు పెద్దమనిషి కావలెను. మరియొకరు కేవలము చెప్పిపోవుటకు వచ్చెదరు. ఆ సమయమున సభ్యులు వారిని ఏమి అడుగవలెనో, ఏమి చెప్పవలెనో తెలుపుటకై ఈ పాఠమును వ్రాయుచున్నాము. గల్ఫు దేశములన్నిటి చట్టములు ఒక్కటి కావు గనుక, ఇప్పటికి ఐక్య అరబ్ ఎమిరేట్లను మాత్రమే తీసికొందము.

మనవారు వాడుకగా ‘దుబాయి’ అనెడి ఈ దేశము నిజమునకు 7 ఎమిరేట్ల సమాఖ్య. 1971 డిసెంబరు 2వ తేదీన ఆరు ఎమిరేట్లు ఒక్కటి కాగా, 1972 ఫిబ్రవరిలో రాస్ అల్ ఖైమా ఏడవదిగా చేరెను. రాజధాని అబూధాబి, దుబాయి అందొక ఎమిరేటు. అచటి గడియారము మనకంటె గంటన్నర వెనుక నడచును. నాణెము దిర్హము. ఒక ఎమిరేటులో చెల్లినది పక్క ఎమిరేటులో చెల్లకపోవచ్చును. దుబాయిలో అనుమతి గల హోటళ్లయందు మద్యము దొరకును. దానిని ఆనుకొనియున్న షార్జాలో అది పూర్తిగా నిషిద్ధము. దుబాయిలో త్రాగి షార్జాలోని గదికి నడచిపోవువాడు నేరస్థుడగుటకు నగరపు ఎల్లయే చాలును.

మొదటి ప్రశ్న వీసాను గూర్చి అడుగవలెను. “ఏ వీసా మీద పోవుచున్నావు?” అన్నచో చాలమంది “ఏజెంటు చూచుకొనును” అందురు. ఇచటనే కీడు మొదలగుచున్నది. చుట్టపుచూపుగా, విహారముగా పోవువారికిచ్చు విజిట్ వీసాతో పనిచేయుట అచట నేరము. “ముందు విజిట్ మీద పొమ్ము, పిమ్మట మార్పించెదము” అను మాట ఎంత తియ్యగా ఉన్నను, అట్లు పోయినవాడు జీతము రాకపోయినను నోరు తెరువలేడు. ఫిర్యాదు చేయబోయిన తన తప్పే ముందు బయటపడును. గడువు మీరి ఉండిపోయినచో దినమునకు 50 దిర్హముల చొప్పున జరిమానా పెరుగుచుండును.

పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టులు సాధారణముగా వలస అనుమతి అవసరమగు తరగతికి చెందును. అట్టివారు ఉద్యోగమునకై గల్ఫునకు పోవునెడల, 1983 నాటి వలసల చట్టము ననుసరించి ప్రభుత్వ అనుమతి పొందవలెను. దీనిని ‘ఈ-మైగ్రేట్’ అను ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా ఇచ్చుచున్నారు. లైసెన్సు గల ఏజెంట్ల పేర్లును అందే చూడవచ్చును. ఏజెంటు తన సేవకై తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలకును, దానిపై పన్నునకును మించరాదు. గ్రామమునకు వచ్చి లక్షలు అడుగు మధ్యవర్తిని సభ్యులు లైసెన్సు సంఖ్య అడిగి, ఆ సంఖ్యను వెబ్‌సైటులో సరిచూడవలెను. పంచాయతీ కార్యాలయములో కంప్యూటరు ఉన్నచో ఇది పది నిముషముల పని. అనుమతితో పోవువారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద 10 లక్షల రూపాయల బీమా కలుగును. రెండేండ్లకు ప్రీమియము 275 రూపాయలు మాత్రమే. దొంగదారిన పోవువాడు ఇంత చవుకైన రక్షణను సైతము పోగొట్టుకొనుచున్నాడు.

ఇక పెట్టె సంగతి. ప్రయాణమునకు ముందు రోజు ఇంటిలో ఏమి జరుగునో మనకందరికి తెలిసినదే. తల్లి ఆవకాయ కట్టును, అత్త అరిసెలు పంపును, మసాలా దినుసుల పొట్లములో గసగసాలు చేరును. ఈ గసగసాలే ప్రమాదము. మన వంటయింటిలో కూర చిక్కపడుటకు వేయు ఈ గింజలు నల్లమందు మొక్క విత్తులు. అచటి చట్టము వానిని మాదకద్రవ్యముల వరుసలో చేర్చి నిషేధించినది. “తెలియదు” అన్న జవాబు విమానాశ్రయములో పనికిరాదు. ఇంట నూరి కలిపిన మసాలా పొడులలో గసగసాలు పడినవేమో వండినవారినే అడిగి, ఆ పొడిని ఇంటనే ఉంచుట మేలు. తమలపాకులు, కిళ్లీ సామగ్రి దుబాయి సుంకశాఖవారి నిషిద్ధ వస్తువుల జాబితాలో ఉన్నవి. పెండ్లి తాంబూలము పెట్టెలో పెట్టుకొనిపోరాదని చెప్పవలసివచ్చుట మాకును వింతగానే తోచుచున్నది. కాని చెప్పక తప్పదు.

మందుల విషయమును ఇట్టిదే. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, కోడీన్ కలిసిన దగ్గుమందులు అచట నియంత్రిత ఔషధములు. వాడక తప్పనివారు వైద్యుని చీటీతోపాటు అచటి ఆరోగ్యశాఖ అనుమతిని ముందే పొందవలెను. మందులను విడి మాత్రలుగా గాక, పేరు కనబడు అట్టతోనే తీసికొనిపోవలెను.

వీనియన్నిటికంటె పెద్ద ప్రమాదము ఇతరుల పొట్లము. “మా తమ్ముడు అచటనే ఉన్నాడు, ఈ పచ్చడి సీసా అందజేయుము” అని విమానాశ్రయము వాకిట ఎవరో ఇచ్చెదరు. కాదనుటకు మొగమాటము. ఆ సీసాలో ఏమున్నను అది ఎవరి పెట్టెలో దొరకినదో వానిదే యగును. ఊరివారిదే యైనను, విప్పి చూడనిదే ఏ పొట్లమును తీసికొనరాదు. విప్పుటకు ఇష్టపడనివాని పొట్లము అసలే వలదు. ఈ మాట ఆ యువకుడు తనంతట చెప్పలేడు; “మా సర్పంచిగారు వలదన్నారు” అని చెప్పుకొనుటకైనను మీ పేరు వానికి అక్కరకు వచ్చును.

మర్యాదల విషయములో మనవారికి అంత కష్టము లేదు, ఏలయనగా అవి మనకు దగ్గరవే. ఇచ్చిపుచ్చుకొనుటకు, తినుటకు కుడిచేయి. ఇంటిలో అడుగిడుటకు ముందు చెప్పులు విడుచుట. పెద్దలు వచ్చినపుడు లేచి నిలుచుట. పాదములు ఎదుటివారివైపు చాచకుండుట. ‘అస్సలాము అలైకుం’ అని పలుకరించినవారికి ‘వ అలైకుం అస్సలాం’ అని బదులు చెప్పవలెను. స్త్రీ తానుగా చేయి చాచిననే తప్ప కరచాలనమునకు పూనుకొనరాదు. అరబ్బుల ఇంట ఖర్జూరములతో చిన్న గిన్నెలో ‘ఖహ్వా’ అను కాఫీ పోసెదరు. గిన్నె ఖాళీ యగుట చూచి మరల పోయుచునే యుందురు. చాలునని తెలుపుటకు గిన్నెను ఇటునటు కొంచెము ఊపి తిరిగి ఇచ్చుట అచటి ఆచారము. ఇది తెలియక మొగమాటముతో ఏడెనిమిది గిన్నెలు త్రాగువారును కలరు. రంజాను నెలలో పగటివేళ ఉపవాసముండువారి యెదుట తినకుండుట, త్రాగకుండుట సభ్యత. మసీదు పరిసరములలో భుజములు, మోకాళ్లు కప్పు బట్టలు ధరింపవలెను. దుబాయి మెట్రో రైలులో తినుట, నీరు త్రాగుట కూడ నిషిద్ధమే. స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేకించిన పెట్టెలో పురుషుడు ఎక్కినచో జరిమానా పడును. రోడ్డును గుర్తించిన చోటనే దాటవలెను.

మన ఊరిలో తప్పు కానిది అచట శిక్షకు పాత్రమగు తావులు ఇంకను రెండు కలవు. ఒకటి సెల్‌ఫోను. అనుమతి లేనిదే ఇతరులను, విశేషించి స్త్రీలను, ఫోటో తీయుట. సైనిక స్థావరములను, ప్రభుత్వ భవనములను తీయుట. కోపముతో వాట్సాపులో తిట్టు వ్రాసి పంపుట, ఇవియన్నియు నేరములు. జీతము విషయమై మేస్త్రితో తగవుపడి వ్రాసిన తిట్టు, జీతము ఫిర్యాదునే మూలపడవేయగలదు.

రెండవది చందాలు. ఇది పంచాయతీ సభ్యులకు సూటిగా తగులు మాట. గుడి కట్టుటకో, బడికి ప్రహరీ వేయుటకో గల్ఫులోని గ్రామస్థులను చందా పోగుచేసి పంపుమని మనము కోరుచుందుము. అచట అనుమతి గల సంస్థలు తప్ప వ్యక్తులు విరాళములు సేకరించుట చట్టవిరుద్ధము. 2021లో దీనికై ప్రత్యేక చట్టమే చేసినారు. తన జీతములోనుండి తన ఇంటికి డబ్బు పంపుకొనుట వేరు, పదిమంది కడ రసీదు పుస్తకము త్రిప్పుట వేరు. మన గుడి పుణ్యమునకు వాని ఉద్యోగమును బలి చేయవలదు.

పనికి పోవువారు మరి కొన్ని తెలిసికొనవలెను. యజమాని పాస్‌పోర్టును తనయొద్ద ఉంచుకొనరాదు. జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12-30 గంటల నుండి 3 గంటల వరకు ఎండలో పనిచేయించరాదు. పోలీసులకు 999, అంబులెన్సునకు 998; భారతీయుల సహాయ కేంద్రమునకు 800 46342.

బయలుదేరువాని పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందము, బీమా పత్రముల నకళ్లు రెండు తీయించి, ఒకటి ఇంటిలోను, ఒకటి పంచాయతీ కార్యాలయములోను ఉంచవలెను. పైన యజమాని పేరు, ఎమిరేటు పేరు, తోటి గ్రామస్థుని ఫోను నంబరు వ్రాసి పెట్టవలెను. మూడు నెలలు ఫోను రానపుడు తల్లి మీ గడపకే వచ్చును. ఆ రోజున వెదకుటకు ఆ కాగితము చేతనుండవలెను.