మీరు కొన్నది కాయా, తోటా?

ప్రశ్న: మాది చింతలపూడి దగ్గర పల్లె. మూడు కాపులకు ఒక మామిడి తోట గుత్తకు తీసుకుని, సొమ్మంతా ముందే ఇచ్చేశాం. వంద రూపాయల స్టాంపు కాగితం మీద, పెద్దమనుషుల సంతకాలతో రాసుకున్నాం. ఒక కాపు కోశాం. ఇప్పుడు యజమాని తోట అమ్మేస్తున్నారు. కొనేవాళ్లు మమ్మల్ని తోటలోకి రానిస్తారా?

జవాబు: రానివ్వకపోతే ఆ కాగితం మిమ్మల్ని పెద్దగా కాపాడదు. ఎందుకో చెప్పాలంటే మీరు కొన్నదేమిటో ముందు తేల్చుకోవాలి.

పూత చూసో పిందె చూసో ఆ ఏటి కాపు మాత్రం కొంటే చట్టం దృష్టిలో మీరు కొన్నది సరుకు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెట్టు మీది కాయను చరాస్తిగానే లెక్కేస్తుంది. చెట్టులోని రసాన్ని కూడా అంతే. కల్లుగీత గుర్తొచ్చే రాశారేమో! అలా ఆ ఏటి కాపు అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ వ్యవహారం అది కాదు. మూడేళ్లు దున్నాలి, తడి పెట్టాలి, మందు కొట్టాలి, కాపలా పాక వేసుకోవాలి. ఇంకా పుట్టని కాయ కోసం నేలను, చెట్టును మీ చేతిలో ఉంచుకుంటున్నారు. అది తోట మీద హక్కు, అంటే స్థిరాస్తి లీజు.

ఈ తేడా తెలియక సాక్షాత్తూ ఒక జమీందారు భార్యే నష్టపోయారు. మధ్యప్రాంతాల్లో ఒక జమీందారు 1948 ఏప్రిల్‌లో 26,000 రూపాయలు తీసుకుని, తన అడవుల్లో పన్నెండేళ్లకు పైగా కలప కొట్టుకునే హక్కు భార్య శాంతాబాయికి రాసిచ్చారు. కాగితం రిజిస్టరు చేయించలేదు. జమీందారీలు రద్దయ్యాక అధికారులు ఆమెను అడ్డుకున్నారు. కొన్నది కలపే కదా అన్న వాదన సుప్రీంకోర్టులో 1958లో నిలవలేదు. ఏళ్ల తరబడి నేలసారం తాగి పెరిగే చెట్ల మీద హక్కు స్థిరాస్తి హక్కేనని, రిజిస్టరు కాని కాగితంతో అది రాదని తేల్చారు.

వస్తువును కాక హక్కును చూసే పద్ధతి మనకూ కొత్త కాదు. మన నూజివీడు వైపూ జమీందారీల సీమే. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారుల భవనాల విషయంలో ఒక గీత గీసింది. ఎస్టేటు పాలనకు మాత్రమే వాడిన కచేరీ ప్రభుత్వపరమైంది, సొంత నివాసం యజమానికే మిగిలింది. గోడలూ దూలాలూ ఒకే రకం కావచ్చు. అయినా ఏ హక్కుతో, ఏ వాడుకలో ఉందన్నదే చూశారు.

ఆ హక్కు గట్టి లీజుగా చేతిలో ఉంటే ఎంత బలమో చూడండి. బ్రిటన్ రాజు తమ్ముడు ఆండ్రూ సంగతి పేపర్లలో చూసే ఉంటారు. విండ్సర్‌లోని రాయల్ లాడ్జ్‌ను ఆయన 2003లో క్రౌన్ ఎస్టేట్ నుంచి 75 ఏళ్లకు లీజుకు తీసుకున్నారు. ముందుగా పది లక్షల పౌండ్లు కట్టి, కనీసం 75 లక్షల పౌండ్లతో మరమ్మతులు చేయించాలని షరతు. ఆపైన అద్దె ఏడాదికి ఒక మిరియపు గింజ, అదీ అడిగితేనే. జనం అద్దె చూసి ముక్కున వేలేసుకున్నారు. నాకు మాత్రం ఆ తర్వాత జరిగింది ఆసక్తిగా అనిపించింది. 2025 అక్టోబరు 30న బిరుదులు పోతున్నాయని ప్రకటించిన ప్యాలెసే, ఇంటి దగ్గరకొచ్చేసరికి లీజు వదులుకునేందుకు లాంఛనంగా నోటీసు ఇవ్వడం జరిగిందని చెప్పాల్సి వచ్చింది. అన్నగారు రాజైనా సరే, సామాను వీధిలో పడేయించలేరు.

మీ చేతిలో అంత బలమైన దస్తావేజు లేదు. పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చాలామంది నమ్మకం. మన రాష్ట్రంలో అది చెల్లదు. 1999లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణతో స్థిరాస్తి లీజు ఎంత కాలానిదైనా రిజిస్టరు కావాల్సిందే. కాకపోతే అందులోని షరతులను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. మీరు తోటలో ఉన్నారని చూపడానికి మాత్రం కొంతవరకు పనికొస్తుంది. స్టాంపు సుంకం తక్కువైతే ఆ మాత్రానికైనా ముందు లోటు, దానిపై పది రెట్ల వరకు జరిమానా కట్టాలి.

కాగితం రాసుకుని నాలుగు నెలలు దాటకపోతే దాన్నే రిజిస్ట్రేషన్‌కు పెట్టవచ్చు. జరిమానాతో ఇంకో నాలుగు నెలలు వెసులుబాటు ఉంది. మీరు ఒక కాపు కోసేశారు కాబట్టి ఆ గడువు దాటే ఉంటుంది. అమ్మకం జరగకముందే మిగిలిన రెండు కాపులకు కొత్త లీజు రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించండి. పాసుపుస్తకంలో అన్నదమ్ముల పేర్లుంటే అందరి సంతకాలూ కావాలి. ఈదురుగాలికి కాయ రాలితే ఎవరి నష్టమో, మోటారు, పైపులు ఎవరివో అందులోనే రాయించండి. గాలివానకు కాయ రాలినంత మాత్రాన గుత్త సొమ్ము దానంతట అది తగ్గదు.

యజమాని ఒప్పుకోకపోతే మిగిలిన సొమ్ము వాపసు ఇవ్వమని లాయరు నోటీసు పంపండి. దావాకు మామూలుగా మూడేళ్ల గడువు. తోట మీ స్వాధీనంలో ఉండగా బలవంతంగా గెంటేస్తే ఆరు నెలల్లోపు నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షను కింద స్వాధీనం కోరవచ్చు. ఆ దావాలో ఆస్తి ఎవరిదన్న ప్రశ్న రాదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవల సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ 15100.