జి.ఐ.ఎస్.పి. పరీక్ష: ప్రక్షేపముల పరిచయము
అమెరికాయందలి జి.ఐ.ఎస్. సర్టిఫికేషన్ ఇన్‌స్టిట్యూట్ ప్రదానము చేయు జి.ఐ.ఎస్.పి. యోగ్యతకు తొలుత అభ్యర్థి సమర్పించు విద్యానుభవముల వివరములే ఆధారముగా నుండగా, 2015 నుండి పరీక్షయు అనివార్యమయ్యెను. ఈ పరీక్షకై, భౌగోళిక సమాచార వ్యవస్థల (జి.ఐ.ఎస్.) శాస్త్రమునకు పితామహుడుగా కీర్తింపబడు రోజర్ టామ్లిన్‌సన్ 1960వ దశకమున కెనడా భూవనరుల గణనకై తొలి వ్యవస్థను రూపొందించెనని యెఱుగుట సులభమే. కాని నా దృష్టిలో అభ్యర్థి మిక్కిలి కాలము వెచ్చింపవలసినది గుండ్రని భూతలమును సమతల పటముపై చూపు ప్రక్షేపములయందే. భూమండలమును ఆరేసి డిగ్రీల వెడల్పుగల 60 మండలములుగా విభజించు యూ.టి.ఎం. ప్రక్షేప పద్ధతిలో హైదరాబాదు, విజయవాడలు 44వ మండలమునకు చెందగా, అనంతపురము 43వ దానియందును, ఇచ్ఛాపురము 45వ దానియందును పడుచున్నవి. ఈ భేదమును గమనింపక పటముల నొకదానిపై నొకటి పేర్చినచో, గ్రామములు స్వస్థానములను వీడి వందల కిలోమీటర్ల దూరమున గోచరించును. అట్లే భూమి ఆకృతికి నమూనాగా సర్వే ఆఫ్ ఇండియా వారి పాత పటములకు ఎవరెస్టు గోళాభమును, జి.పి.ఎస్. నిర్దేశాంకములకు డబ్ల్యు.జి.ఎస్. 84యును ఆధారములగుటను మరువరాదు.