గుండీని వెనక్కి తిప్పి చూడండి

విశాఖ తీరంలో భీమిలి నుంచి ఆర్కే బీచ్ దాకా ఒడ్డున పాత వస్తువులు ఏరి అమ్ముకునేవాళ్ళకీ, వాళ్ళ దగ్గర కొని కొట్లో పెట్టుకునేవాళ్ళకీ లంగరు బొమ్మ గుండీ కొత్త కాదు. "డచ్చివాళ్ళ కాలంది సార్" అంటే ఆ పూటకి బేరం తెగొచ్చు. తెలిసినవాడొకడు వచ్చి తిప్పి చూశాడంటే మాత్రం కొట్లో మిగతా సరుకు మీద కూడా నమ్మకం పోతుంది. భీమిలిలో డచ్చివాళ్ళు 1825 దాకా ఉన్న మాట నిజమే. కానీ వాళ్ళ ఈస్టిండియా కంపెనీ వస్తువంటే వీఓసీ అక్షరాలు అల్లుకున్న రాగి నాణెం లాంటిది, దాని మీద సంవత్సరం కూడా ఉంటుంది. లంగరు బొమ్మ అలా కాదు. బ్లేజర్లకీ, పిల్లల సెయిలర్ సూట్లకీ, హ్యాండ్‌బ్యాగులకీ నిన్నమొన్నటి వరకూ వేస్తూనే ఉన్నారు.

అందుకే ముందు వెనక్కి తిప్పండి. ఒకే రేకు బిళ్ళ, దానికి అతికిన తీగ కొంకి ఉంటే పాతదనానికి ఒక గుర్తు. ముందో రేకు, వెనకో రేకు, అంచు మడిచి నొక్కి, లోపల డొల్లగా ఉంటే అది 1813 తర్వాతి పద్ధతి. ఇంగ్లండులో బెంజమిన్ శాండర్స్ పేటెంటు తీసుకున్న ఏడాది అది. ప్లాస్టిక్ కొంకి కనిపిస్తే ఇక పాతకాలం మాట ఎత్తొద్దు. అయస్కాంతం అంటుకుంటే ఇనుము మీద పూత. ఇత్తడికీ రాగికీ ఆకుపచ్చ చిలుము పడుతుంది. తేలిగ్గా ఉండి తెల్లటి పొడి రాలితే అల్యూమినియం. బ్రిటిష్ సైన్యం గుండీలు దాంట్లోకి మారడం మొదలైంది 1950లలోనే.

ఇక అక్షరాలు. భూతద్దం పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా గుండీని వాల్చి చూస్తే అరిగిపోయిన పేరు కూడా పైకి లేస్తుంది. ఉదాహరణకి లండన్ దర్జీ సంస్థ గీవ్స్ పేరు కనిపించిందనుకోండి. దాని పక్కన హాక్స్ కూడా ఉందంటే ఆ గుండీ 1974కి ముందుది కాదు, ఆ రెండు సంస్థలూ కలిసింది ఆ ఏడాదే.

ఇంతవరకూ చూశాక ముందుకి తిప్పండి. బ్రిటిష్ నౌకాదళం అధికారుల గుండీల మీద లంగరుకి పైన కిరీటం చేరింది 1812లో. 1901 నుంచి రాజుల కాలమంతా కిరీటం గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. 1952లో ఎలిజబెత్ రాణి వచ్చాక నడినెత్తిన నొక్కు పడింది. విక్టోరియా కాలం వాటిలోనూ నొక్కు కనిపిస్తుంది కాబట్టి ఆ ఒక్క గుర్తుతో తేల్చెయ్యొద్దు, వెనక అక్షరాలతో సరిచూసుకోండి. ఛార్లెస్ రాజు వచ్చాక మళ్ళీ గుమ్మటానికే వెళ్ళారు, మనకి అదింకో తలనొప్పి. మన నౌకాదళం పేరులోంచి "రాయల్" పోయింది 1950 జనవరి 26న. కిరీటం స్థానంలోకి అశోకుడి సింహాలు వచ్చాయి. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న విశాఖలో సింహాల గుండీ దొరకడం వింతేమీ కాదు. అది పోయిన ఏడాది యూనిఫాంది కూడా కావచ్చు.

నా మాట వినేట్టయితే చీటీ మీద "ఇన్నేళ్ళనాటిది" అని రాయకండి. "ఫలానా ఏడాది తర్వాతిది" అని రాయండి. గుండీ తయారైన కాలానికే మీ దగ్గర ఆధారం ఉంటుంది, సముద్రంలో పడిన రోజుకి ఉండదు. నా చీటీ ఇలా ఉంటుంది: ఇత్తడి గుండీ, రెండు రేకులు, లంగరు, గుమ్మటం కిరీటం, 1901 తర్వాతిది, ఆర్కే బీచ్. దొరికిన చోటు రాసుకోండి గానీ దాన్నిబట్టి కథ అల్లొద్దు. ఆర్కే బీచ్ కోతకి గురవుతుంటే హార్బర్లో తవ్వి తీసిన ఇసుకని అక్కడ పోస్తున్నారు. మీకు దొరికినది ఏ ఓడ నుంచో హార్బర్ అడుగున పడి, ఆ ఇసుకతో పాటు వచ్చి ఉండొచ్చు.

చింతపండు వేసి తోమడం, పీతాంబరి పొడితో మెరిపించడం మానండి. చిలుముతో పాటు బంగారు పూతా, అక్షరాల అంచులూ పోతాయి, వాటితో ధరా పోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్ళలో నానబెట్టి, కొన్నాళ్ళు రోజూ నీళ్ళు మార్చండి. ఉప్పు దిగుతుంది. తర్వాత మెత్తని బ్రష్షు, నీడలో ఆరబెట్టడం, అంతే.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, నేలలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. ఆ పది రూపాయలు ఆనాటి లెక్కే అయినా చట్టంలో ఉన్నది ఉన్నదే. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నూరేళ్ళు నిండినది పురావస్తువు. దాని వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించడం నేరం. అమెరికా నుంచి వచ్చినవాళ్ళు సూట్‌కేసులో పెట్టుకుపోతామని ముచ్చటపడితే, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ ఇచ్చే పత్రం చేతికొచ్చాకే డబ్బు తీసుకోండి.