వార్తలు చదివే గొంతు మన ఇళ్లలోనూ ఉంది



బాసరకు ఎక్కడెక్కడి నుంచో పిల్లల్ని అక్షరాభ్యాసానికి తీసుకొస్తారు. మన ఇళ్లలోనూ నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చేయించే ఆనవాయితీ ఉంది. చదువు మొదలుపెట్టించడంలో ఈ ఊరికి లోటు లేదు. పదో తరగతి దాటాక ఎటు పంపాలన్నదే చిక్కు. 2008లో ఇక్కడే ట్రిపుల్ ఐటీ వచ్చింది కనుక అందరి చూపూ దాని మీదే. సీటు రాకపోతే పాలిటెక్నిక్, అదీ కాకపోతే గల్ఫ్. రేడియో, టీవీ వార్తల రంగం మాట ఎవరూ ఎత్తరు. ఈ ఏడు దాతల ముందు ఆ మాటే పెడుతున్నాం.

వార్తలు చదవడానికి తీయని గొంతు ఒక్కటే చాలదు. ఏ అక్షరం నోట్లో ఎక్కడ పుడుతుందో, వాక్యంలో ఎక్కడ ఆగాలో తెలియాలి. మక్తబ్‌లో తజ్వీద్ నేర్చిన పిల్లలకు ఇది కొత్త కాదు. మఖ్రజ్ అంటే అక్షరం పుట్టే చోటు, వఖ్ఫ్ అంటే ఆగడం. ‘రోకో మత్ జానే దో’ అన్నప్పుడు ‘రోకో’ దగ్గర ఆగితే ఒక అర్థం, ‘మత్’ దగ్గర ఆగితే దానికి పూర్తిగా ఎదురు అర్థం. క్లాసులో ఇది నవ్వుకునే ఉదాహరణే. శ్రీరామసాగర్ గేట్లు ఎత్తిన రాత్రి దిగువ గ్రామాలకు హెచ్చరిక చదివే మనిషి తప్పుచోట ఆగితే మాత్రం నవ్వులాట కాదు.

అలాగని మక్తబ్ చదువుతోనే సరిపోదు. మన దక్కనీ మాటలో ఖాఫ్, ఖే అక్షరాల తేడా చెరిగిపోతుంది. తెలుగులో ‘ళ’ పోయి ‘ల’ వస్తుంది; ‘కళ’ కాస్తా ‘కల’ అవుతుంది. రోజూ పత్రికలో ఒక పేజీ పైకి చదివి, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినాలి. ఆ వార్తనే రెండో భాషలో చిన్న వాక్యాల్లో రాయాలి. పత్రిక చదివేవారు వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకోగలరు, రేడియో వినేవారికి ఆ వీలు లేదు. ఇక విన్న వార్తను నిర్ధారించుకోకుండా ముందుకు పంపకూడదన్న ఆదేశం సూరా హుజురాత్‌లోనే ఉంది.

మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, సరిహద్దు సంతల్లో మరాఠీ వింటూ పెరుగుతారు. నిజాం ప్రభుత్వం 1935లో చేపట్టిన దక్కన్ రేడియో ఈ మూడు భాషలతో పాటు కన్నడంలోనూ కార్యక్రమాలు వినిపించేది. నేడు హైదరాబాద్ ఆకాశవాణి నుంచి తెలుగు, ఉర్దూ వార్తలు రెండూ వస్తున్నాయి. రెండు భాషల్లోనూ రాయగలిగినవారికి అనువాదంలో చోటుంటుంది.

డిగ్రీ తర్వాత ఉస్మానియాలో జర్నలిజం పీజీ ఉంది. ఉర్దూ చదివినవారికి గచ్చిబౌలిలో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. బాసర స్టేషన్‌లో రైలెక్కితే నేరుగా హైదరాబాద్ చేరవచ్చు.

ఆడపిల్లను టీవీలో ఎలా చూపిస్తామని కొందరు పెద్దలు అడుగుతారు. వార్తల పనంతా తెర మీద జరగదు. రాయడం, అనువదించడం, ఎడిటింగ్, వాయిస్ ఓవర్ తెర వెనక పనులే. జహీరాబాద్ దగ్గరి మాచ్నూర్‌లో 2008లో మొదలైన సంఘం రేడియోను నడిపినవారు పల్లెటూరి దళిత మహిళలు.

తల్లిదండ్రులకు ఒకటి దాచకుండా చెప్పాలి. ఈ రంగంలో మొదటి ఏడాది, రెండేళ్లు కష్టం. చాలా చోట్ల శిక్షణ కాలంలో జీతం ఉండదు, మండల విలేకరికి స్థిరమైన ఆదాయం ఉండదు. పేదింటి పిల్లలు మానేసేది ఇక్కడే. ఫీజుకు స్కాలర్‌షిప్ దొరికినా హైదరాబాద్‌లో గది అద్దె, భోజనం, బస్సు ఖర్చు ఎవరిస్తారు? అందుకే దాతలను ఫీజు కాక ఆ నెలల ఖర్చు అడుగుతున్నాం. జకాత్ సొమ్మును ఉలమాల సలహాతో అర్హులకే ఇస్తాం, మిగతాది సదఖా నిధి నుంచి.

దరఖాస్తుతో పాటు మార్కుల మెమో, ఐదు నిమిషాల రికార్డింగ్ ఇవ్వాలి: సగం తెలుగు, సగం ఉర్దూ. ఫోన్‌లో చేసినదైనా చాలు, ఫ్యాన్ ఆపి చేస్తే మంచిది.