రబ్బరు టైర్ల బండి నమూనా: కొలత, నిర్మాణము, మెరుగు

కళాశాలల వైజ్ఞానిక ప్రదర్శనలలో వాహనముల నమూనాలకు ఎల్లప్పుడును ఆదరణ అధికము. కాని వానిలో పెక్కు చూచుటకు సొంపుగా నుండియు కొలతకు నిలువవు. చక్రము మితిమీరి పెద్దది, ఇరుసు సన్నము, టైరు నల్లరంగు పూసిన చెక్కముక్క. అట్టివి ఆటవస్తువులే కాని నమూనాలు కావు. నమూనా యనగా ఒక యంత్రమును గూర్చి కొలతతో చెప్పిన మాట. ఆ మాటను సరిగా చెప్పుట ఎట్లు, అది ఎంతవరకు నిజము అను రెండు ప్రశ్నలను ఈ వ్యాసమున పరిశీలింతము.

వాహనమును ఎన్నుకొనుట

మన ప్రాంతమున టైర్లకు, వాహనములకు కొరత లేదు. సదాశివపేట వద్ద ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కర్మాగారము, జహీరాబాదున ట్రాక్టర్ల కర్మాగారము కలవు. అయినను మన అభ్యాసమునకు మిక్కిలి తగిన వాహనము ఒకటి పటాన్‌చెరు పొలములలోనే తిరిగినది. 1972లో అచ్చట ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ స్థాపింపబడెను. నల్లరేగడి నేల వానాకాలమున జిగురై నాగలికి లొంగదు. అందుచే అనేకచోట్ల రైతులు ఆ కాలమున పొలమును బీడుగా వదలి, వానలు తగ్గిన పిమ్మట రబీ పైరు వేయుచుండిరి. ఈ నష్టమును తొలగించుటకై శాస్త్రజ్ఞులు 150 సెంటీమీటర్ల దూరమునకు ఒక కాలువ చొప్పున తీసి, నడుమ వెడల్పైన మడులు కట్టు పద్ధతిని రూపొందించిరి.

ఆ మడులను తప్పక ఒకే కొలతలో తీయుటకు ఎడ్లు లాగు ఒక చక్రాల యంత్రమును వాడిరి. దాని పేరు ట్రాపికల్టర్. ఫ్రెంచి ఇంజనీరు జాఁ నోల్ 1950ల దశకమున ఆఫ్రికాలో ఆరంభించిన కృషి దీనికి మూలము. రెండు రబ్బరు టైర్లు, వానిని కలుపు ఇనుప చట్రము, ముందునకు పొడవైన నొగ, నొగ కొనకు కాడి, ఇవియే దాని ప్రధాన భాగములు. చట్రమునకు నాగలి తగిలించిన దున్నును. గొర్రు తగిలించిన విత్తును. పైన పెట్టె నిలిపిన బండి యగును. చక్రములు రెండును చెరియొక కాలువలో నడచుటచే మడి తొక్కబడదు.

కొలత

స్కేలు అనగా మూలమునకు, నమూనాకు గల నిష్పత్తి. మన ఉర్దూ మిత్రులు దీనినే పైమానా అందురు. మన నమూనాకు పదింట ఒకటి అనుకూలము. చక్రముల నడుమ దూరము 150 సెం.మీ. గనుక నమూనాలో 15 సెం.మీ. అగును. టైరు కొలతకై సమీప గ్రామమున ఒక టైరు బండిని టేపుతో కొలువవలెను. దాని ఎత్తు 65 సెం.మీ. ఉన్నచో నమూనా టైరు 6.5 సెం.మీ. అగును. ప్రతి కొలతను పట్టికగా వ్రాసి, పూర్తి పరిమాణమున పటము గీయనిదే రంపము పట్టరాదు.

టైరు తయారీ

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో వేడిచేసి గట్టిపరచు పద్ధతిని కనుగొనెను. అంతకుముందు రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసై యుండెడిది. గాలి నింపిన టైరుకు 1845లో రాబర్ట్ థామ్సన్ పేటెంటు పొందెను. 1888లో జాన్ బాయ్‌డ్ డన్‌లప్ దానిని వాడుకలోనికి తెచ్చెను. మన పల్లెలలో టైరు బండిని నేటికిని డన్‌లప్ బండి యని పిలుచుట ఆ పేరు చలువయే.

నమూనా టైరుకు చెప్పులు కుట్టువారి వద్ద దొరకు నల్లరబ్బరు అట్ట చాలును. గంధకముతో గట్టిపడిన రబ్బరు గనుక ఒరిపిడి వేడికి కరుగక చక్కగా అరుగును. వెడల్పు చాలనిచో రెండు ముక్కలను గరుకుచేసి, పంక్చరు సొల్యూషను పూసి, అది కొంత ఆరి జిగురెక్కిన తరువాత ఒత్తవలెను. కత్తిని సబ్బునీటిలో ముంచిన కోత నున్నగా సాగును. బయటి అంచును కొంచెము పెద్దదిగాను, లోపలి రంధ్రమును రిమ్ముకంటె కొంచెము చిన్నదిగాను కోయవలెను. సాగి తొడిగిన రబ్బరు తనంత తానే రిమ్మును పట్టుకొనును.

తరువాత చెక్క బిళ్లపై టైరును తొడిగి, నడుమ బోల్టు దూర్చి, వైసులో బిగించిన చేతి డ్రిల్లునకు తగిలించి త్రిప్పుచు ఉప్పుకాగితముతో గుండ్రముగా అరగదీయవలెను. టైరు పైగాడులను మూడంచుల ఆకురాయితో తీయవచ్చును. ఈ ఆకురాయినే మన కార్ఖానాలలో రేతీ అందురు.

అంగడిలో కొన్న మెత్తని ప్లాస్టిక్ టైర్ల విషయమున ఒక హెచ్చరిక. వానిని మెత్తగా నుంచు నూనెవంటి పదార్థము కాలక్రమమున ఊరి, పాలీస్టైరీను రిమ్మును తినివేయును. అట్టి టైరును ఆ రిమ్ముకు నేరుగా తొడుగరాదు.

చట్రము, మెరుగు

చట్రమునకు ఇనుప కడ్డీ గాని చదరపు గొట్టము గాని వాడవలెను. బండిపెట్టెకు పొణికి కర్ర శ్రేష్ఠము. నిర్మల్, కొండపల్లి బొమ్మలు చేయునది ఈ తేలికైన కర్రతోనే. కాని ఇరుసుకు అది పనికిరాదు. కూర్పు సరియైనదో లేదో తెలిసికొనుటకు నొగ కొన నుండి రెండు చక్రముల నడిమి వరకు దారము పట్టి చూడవలెను. రెండు దూరములు సమానముగా లేనిచో చట్రము వంకరగా నున్నదని అర్థము.

ఇనుమును ఉప్పుకాగితముతో రుద్ది, కిరసనాయిలుతో తుడిచి ఆరబెట్టి, మొదట రెడ్ ఆక్సైడు, పిదప పలుచని ఎనామెలు రెండు పూతలు వేయవలెను. రంగు పూర్తిగా ఆరిన తరువాతనే టైర్లు తొడుగవలెను. ఏలయన కిరసనాయిలు, రంగు ద్రావకములు రబ్బరును ఉబ్బించును. రబ్బరుపై ఎనామెలు వేయరాదు. రబ్బరు సాగును, రంగు సాగదు, పగులును. తేలికగా ఉప్పుకాగితముతో రుద్దిన టైరు, గాడులలో కొంచెము రేగడిమన్ను నింపి తుడిచిన టైరు, రంగు పూసిన దానికంటె సహజముగా కన్పట్టును.

నమూనా చెప్పనిది

ఇపుడు నమూనాను తులాదండమున వేయుడు. పొడవు పదింట ఒక వంతునకు తగ్గినపుడు వైశాల్యము నూరింట ఒక వంతు, బరువు వేయింట ఒక వంతు అగును. మూలము 200 కిలోలున్నచో, అదే లోహములతో చేసిన నమూనా 200 గ్రాములే యుండును. బరువు వేయింట ఒక వంతు, టైరు నేలనంటు చోటు నూరింట ఒక వంతు గనుక నమూనా టైరుపై ఒత్తిడి పదింట ఒక వంతే. అందుచే నిజమైన టైరు అడుగున అణగినట్లు నమూనా టైరు అణగదు. కదలించనక్కరలేని నమూనాకు, అద్దముపై పరచిన ఉప్పుకాగితమున టైరు అడుగును కొంచెము చదునుచేసిన ఆ లోపము కంటికి తీరును.

కంటికి తీరును గాని, ఎడ్ల మెడకు తీరదు. ఈ యంత్రమును 1980ల ఆరంభమున మెదక్ జిల్లా గ్రామములలో సైతము రైతుల పొలములపై పరీక్షించిరి. ధర తగ్గించుటకై ఇక్రిశాట్, బ్రిటిషు వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ కలసి నికార్ట్ అను మరియొక రూపమును తయారుచేసిరి. అయినను 1988లో పాల్ స్టార్కీ ప్రకటించిన గ్రంథము ప్రపంచమంతట ఇట్టి చక్రాల పనిముట్లు సుమారు 10,000 తయారైనను, పెక్కింటిని రైతులు విడిచిపెట్టిరనియో, కేవలము బండ్లుగా వాడిరనియో తేల్చెను. కారణములు స్పష్టమే: అధికమైన ధర, అధికమైన బరువు, పనిముట్లు మార్చుటలో చిక్కు. ఒక్క యంత్రము చెడిన అన్ని పనులును నిలిచిపోవును. పరిశోధన క్షేత్రమున చక్కగా నడచిన యంత్రము పేదరైతు వాకిట నిలువలేకపోయెను. రైతు ఉంచుకొన్నది ఆ యంత్రములోని టైరు బండిని మాత్రమే.

కావున విద్యార్థి మిత్రులారా, ప్రదర్శనలో నమూనా ప్రక్కన ఒక అట్టముక్క నిలుపుడు. దానిపై స్కేలు, మూలము యొక్క బరువు, దాని ధర, దానిని వాడిన రైతు అభిప్రాయము, ఈ నాలుగింటిని వ్రాయుడు. మొదటిది కొలబద్ద వలన తెలియును; తక్కినవి అడిగి తెలిసికొనవలెను. రేపు పటాన్‌చెరు, సంగారెడ్డి కర్మాగారములలో పటములు గీయు చేతులు మీవే కానున్నవి. గీసిన ప్రతి గీత ఒకరు మోయవలసిన బరువగునని ఈ చిన్న బండి మీకు నేర్పినచో, దానికై వెచ్చించిన శ్రమ సార్థకము.