చేతిపనికి టోకు బేరము: ఏటికొప్పాక బొమ్మల లెక్క

గ్రామమున చేతిపని చేయువాడు తన సరుకును సంతలోనో, తిరునాళ్లలోనో, ప్రదర్శనశాలలోనో తానే కూర్చుండి అమ్ముకొనుట మనకు పరిచితమైన దృశ్యము. దినమునకు పది వస్తువులు అమ్ముడుపోయినను ఆనాటికి తృప్తియే. కాని కుటుంబము పెరిగి, కుమారుడు కూడ అదే పనిలో ప్రవేశించినపుడు ఈ చిల్లర అమ్మకము చాలదు. అట్టి సమయమున పట్టణపు వర్తకుడొకడు వచ్చి, అయిదువందల వస్తువులు ఒక్కసారిగా టోకున కావలెననును. ఆ మాట వినుటకు ఇంపుగా నుండును. ఆ బేరము కుటుంబమును నిలువబెట్టవచ్చును, అప్పులలో ముంచనువచ్చును. రెంటిలో ఏది జరుగునో సరుకు చేయకముందే, ధర చెప్పునపుడే చాలవరకు తేలిపోవును. దీనిని పంచాయతీ సభ్యులకు ఒక గ్రామమును ఉదాహరణముగా గైకొని వివరింపదలచితిమి.

అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక లక్క బొమ్మలకు పేరొందినది. అంకుడు కర్రను తరిమెనకు, అనగా లేతు మిషనుకు బిగించి, తిరుగుచున్న కర్రను ఉలితో నునుపు చేయుదురు. దానిపై రంగు కలిపిన లక్క కణికను అదిమినచో రాపిడి వేడికి లక్క కరగి కర్రకు పట్టుకొనును. పిమ్మట మొగలి ఆకుతో రుద్ది మెరుగు తెత్తురు. పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు వంటి వానినుండి తీసిన రంగులను తిరిగి వాడుకలోనికి తెచ్చుటకు దీర్ఘకాలము కృషిచేసిన ఆ గ్రామవాసి శ్రీ సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2025 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్ర శకటముపై నిలిచినవి ఈ బొమ్మలే. పేరు వచ్చినపుడు బేరగాండ్రు వత్తురు. ఖర్చుల లెక్క మాత్రము పేరు చూచుకొనదు, పనివాడే చూచుకొనవలెను.

ఒక ప్రదర్శనలో మాకు పరిచయమైన లక్క బొమ్మల పనివారొకరు తమ మొదటి టోకు బేరమును గూర్చి చెప్పిరి. రెండు నెలలకు పైగా రాత్రింబగళ్లు పనిచేసి సరుకు పంపిరట. ‘‘ఐదొందల బొమ్మలు చేశాం బాబుగారూ, ఆఖరికి ఇంట్లోకి బియ్యం అరువు తెచ్చుకున్నాం’’ అని ఆయన నవ్వుచునే అనిరి గాని, ఆ నవ్వు మాకు నవ్వుగా తోచలేదు. ఆయనతో కూర్చుండి కాగితముపై లెక్క వేసితిమి. సులువుగా నుండుటకు అంకెలను కొంత సరిచేసి యిచ్చట చెప్పుచున్నాము.

ఆయన ఆ బొమ్మను ప్రదర్శనలో 220 రూపాయలకు అమ్ముచుండిరి. వర్తకుడు సగము ధరకు, 110కి అడిగెను. కర్రకు 26, లక్కకు రంగుకు 24, మొత్తము 50 రూపాయలే గదా ఖర్చు, 60 మిగులునని తలచి ఆయన ఒప్పుకొనిరి. విద్యుత్తునకు, పనిముట్ల అరుగుదలకు 6, అట్టపెట్టెలకు, రవాణాకు 4 రూపాయలు ఆయన లెక్కకు రాలేదు. దినమునకు ఎనిమిది బొమ్మలు చేయు పనివానికి దినకూలి 640 రూపాయలనుకొన్నచో ఒక్కొక్క బొమ్మకు 80 పడును. ఇది తన కూలియే గనుక ఆయన దానిని ఖర్చని భావింపలేదు. లక్క కణికలు సిద్ధము చేసినది, బొమ్మలను తుడిచి కట్టలు కట్టినది ఆయన భార్య. ఆమె పనికి 15 రూపాయలు వేసితిమి. అంతవరకు ఆమె కూలి ఏ లెక్కలోను కనబడలేదు. ఇట్లు 155 అయినది. పదింట ఒకటి పగులుటయో, రంగు చెడుటయో సహజము గనుక ఆ తరుగు చేర్చగా 172. అనగా ఒక్కొక్క బొమ్మపై 62 రూపాయలు, అయిదువందలపై 31,000 రూపాయలు నష్టము. ఆ నష్టము చేతి సొమ్ము పోయినట్లు కనబడదు. భార్యాభర్తలు రెండు నెలలకు పైగా చాలవరకు కూలి లేక పనిచేసినట్లగును.

కావున ధరను క్రిందినుండి కట్టవలెను. 172పై కొంత మిగులు చేర్చి 190 రూపాయలు టోకు ధర యనుకొందము. దుకాణదారునకు అద్దె, జీతములు, అమ్ముడుపోని సరుకు భారము ఉండును. తాను కొన్నదానికి రెట్టింపు ధర వేయుట ఈ వ్యాపారమున సామాన్యము. అపుడు దుకాణములో ధర 380 అగును. పనివాడు సంతలో అమ్మునపుడు కూడ ఇంచుమించు ఆ ధరకే అమ్మవలెను. తాను 220కి అమ్ముచు దుకాణదారుని 380కి అమ్ముమనిన, ఆ దుకాణదారుడు మరల రాడు. ఆ బొమ్మకు 380 ఇచ్చు కొనుగోలుదారులు లేరందురా? అట్లయిన అది టోకు సరుకు కాదని గ్రహింపవలెను. దినమునకు ఇరువదియైదో, ముప్పదియో చేయగల బొంగరములు, కుంకుమ భరిణలు టోకునకు తగును. దినమంతయు పట్టు మేలిమి పని సంతలకు, ప్రదర్శనలకు ఉంచుకొనవలెను. ఈ విభజన చేసికొన్న పనివారు తక్కువ. తెలియకపోవుట కంటె, వచ్చిన బేరమును కాదనలేని మొగమాటమే దీనికి కారణమని మా అభిప్రాయము.

టోకున ఇంకొక చిక్కు కలదు. సంతలో ఏ రెండు బొమ్మలును ఒకటిగా నుండనక్కర లేదు; అదియే వాని అందము. దుకాణమునకు పంపునపుడు మాదిరికి సరిపోనివి తిరిగి వచ్చును. మాదిరి బొమ్మలు రెండు చేసి, రెంటిపై ఇరువురు సంతకములు చేసి, చెరియొకటి ఉంచుకొనుట మంచిది. ఒక బేరమునకు కావలసిన లక్క కణికలన్నియు ఒకేసారి కలిపి యుంచినచో రంగు మారదు. పచ్చికర్రతో చేసినది తరువాత ముడుచుకొని పగులును. అందుచేత బేరము ఒప్పుకొనుటకు ముందు చూడవలసినది ఆరిన కర్ర ఎంత యున్నదని. పెట్టుబడి అంతయు ఇచ్చటనే చిక్కుకొనును: కర్ర నెలల ముందు కొనవలెను, సొమ్ము సరుకు పోయిన తరువాత వచ్చును. సగము బయానా లేనిదే పని మొదలుపెట్టరాదు.

మిగిలిన సగమునకు చట్టమున రక్షణ కలదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము ప్రకారము, ఉద్యమ్ నమోదు పొందిన చిన్న ఉత్పత్తిదారునికి కొనుగోలుదారుడు వ్రాతపూర్వక ఒప్పందమున్న 45 దినములకు మించకుండ, లేనిచో 15 దినములలో సొమ్ము చెల్లింపవలెను. తప్పినచో బ్యాంకు రేటునకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ పడును. ఈ నమోదునకు రుసుము లేదు. నిజము చెప్పవలెనన్న, మరుసటి బేరము పోవునను భయముచే పనివారు ఫిర్యాదుకు సాహసింపరు. అయినను గడువును బేరపు కాగితముపై వ్రాయించినచో వర్తకుడు ఊరక దాటవేయలేడు.

బొమ్మల వర్తకులు ఇటీవల ఐ.ఎస్.ఐ. గుర్తును గూర్చి అడుగుచున్నారు. 2021 జనవరి 1 నుండి బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి అయిన మాట నిజమే. కాని హస్తకళల అభివృద్ధి కమిషనరు వద్ద నమోదైన పనివారు చేసి అమ్ము బొమ్మలకు మినహాయింపు ఇచ్చిరి. ఈ సంగతి తెలియక బేరము వదలుకొనరాదు. పనివారికి ‘పహచాన్’ గుర్తింపు కార్డు ఉన్నదా యని విచారింపవలసినది ఇందుకే.

ఇక పంచాయతీ చేయగల పని. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున సంప్రదాయ బొమ్మల తయారీ 18 వృత్తులలో ఒకటి. పూచీకత్తు లేకుండ 5 శాతము వడ్డీపై మొదట లక్ష రూపాయలు, అది తీర్చిన పిదప రెండు లక్షలు అప్పు లభించుటకు అందు ఏర్పాటు కలదు. గ్రామములలో దరఖాస్తుకు మొదటి పరిశీలన గ్రామ పంచాయతీదే. అచ్చట కాగితము ఆగిన కర్ర కొనుటకు పెట్టుబడి ఆగినట్లే. పంచాయతీ భవనములలో ఖాళీగా నున్న గదిని కర్ర ఆరబెట్టుటకు, సరుకు కట్టుటకు ఇచ్చినచో నలుగురు పనివారు కలిసి ఒక బేరమును పంచుకొనగలరు. అంకుడు నరికిన మోడునుండి తిరిగి చిగురించు చెట్టు. ఉమ్మడి భూములలో, చెరువు గట్ల వెలుపల నాటుటకు తగినది.

పైన చెప్పిన పనివారిని మరల కలిసికొన్నపుడు ఆయన వేరొక వర్తకునితో మూడువందల కుంకుమ భరిణలకు బేరమాడుచుండిరి. వర్తకుడు తగ్గించుమని పట్టుపట్టుచుండెను. ఆయన జేబునుండి మడతలు పడిన లెక్క కాగితము తీసి, భార్య కూలి వ్రాసిన పంక్తిపై వ్రేలుంచి చూపిరి.